రాత్రి కొన్న చలి

ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి పలకరింపు అందుకునేది కరెంటు మీటరు. ఆరు కొట్టేసరికి ఇంటాయన కళ్ళు నులుముకుంటూ వెళ్ళి గుమ్మం పక్క మీటరు ముందు నిలబడేవాడు. ఇవాళ్టి అంకెలోంచి నిన్నటి అంకె తీసేసి, మిగిలింది గోడ క్యాలెండరు వెనకవైపు రాసేవాడు. ఆ మిగిలినదాన్ని బట్టి ఆ రోజు ఇంట్లో ఎండో వానో తేలేది. మూడు యూనిట్లయితే ఊరికే దగ్గేవాడు. నాలుగైతే "ఏమే" అని పిలిచేవాడు. ఐదు దాటిందంటే ఇంటావిడకు సాయంత్రం దాకా చెవిలో జోరీగే.

ముప్పై రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి మీటర్లు చదివి రిటైరైన మనిషి కాబట్టి వీధిలో అతన్ని మీటరాయన అనేవారు. ఆవిడను కాజాలమ్మ అనేవారు. కోటుకూ చొక్కాకూ బొత్తం దూరడానికి గుడ్డలో చీల్చి, అంచు పోగులు ఊడకుండా దారంతో ముడివేస్తూ కుట్టే రంధ్రమే కాజా. మిషన్లు ఎప్పుడో వచ్చేశాయి గానీ, నాలుగు వీధుల అవతల కోట్లు కుట్టే మేస్త్రి మాత్రం మిషను కాజాను కాజా అనడు. "అది కన్నం" అంటాడు. అతని కోట్లన్నిటికీ కాజాలు ఆవిడ చేతివే. పద్నాలుగో ఏట పిన్ని దగ్గర నేర్చుకున్న పని అది. కుట్టుకీ కుట్టుకీ మధ్య వెంట్రుక పట్టదు. మేస్త్రి ఒక్క వేలితో బొత్తం నెట్టి చూసి, అది గుట్టుచప్పుడు కాకుండా దూరిపోతే, ఏమీ అనకుండా కోటు హేంగరుకు తగిలించేవాడు. ఆ మనిషి నోటివెంట మెప్పు అంటే అదే.

మీటరాయన పిసినారి కాడు. ఈ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే కథ తేలికైపోతుంది. కూతురి చదువుకు అడిగినంతా ఇచ్చాడు, అల్లుడి ఆపరేషనుకు పరుగెత్తుకెళ్ళాడు. అతని రోగం డబ్బు కాదు, గెలుపు. ముప్పై రెండేళ్ళు గుమ్మం గుమ్మానా జనం అతని మొహం మీదే తలుపు వేశారు. "దొంగ అంకెలు రాస్తావు" అన్నారు, కుక్కల్ని వదిలారు. కరెంటు ఎలా వాడాలో తెలియని దద్దమ్మలు బిల్లు ఎక్కువొచ్చిందని నన్ను తిడతారా అన్న ఉక్రోషం కడుపులో కుంపటిలా పెట్టుకుని రిటైరయ్యాడు. ఇక ఇంట్లో కూర్చుని, ఈ పేటలో నా ఇంటికన్నా తక్కువ అంకె ఏ ఇంటికీ రాకూడదని పంతం పట్టాడు. ఊరి మీద కోపం అంతా ఇంటి మీద పడింది.

చేసినవన్నీ పిచ్చి పనులనడానికి లేదు. డాబా మీద నల్ల డ్రమ్ము పెట్టి ఎండకు నీళ్ళు కాగేలా చేశాడు. పడమటి కిటికీకి తడి గుడ్డ కట్టాడు. ఇస్త్రీ వారానికి ఒక్కసారే, అన్నీ కలిపి. టీవీ కట్టేస్తే చాలదని ప్లగ్గు కూడా పీకాడు. ఇవన్నీ మంచివే, ఆవిడా కాదనలేదు. బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగుతాడు.

అతను ఆగలేదు. ఇద్దరూ ఒకే గదిలో ఉండాలన్నాడు, రెండో ఫ్యాను దండగని. ఆవిడ కుర్చీ మీది బల్బు తీసి, నిద్దరగదిలో పెట్టుకునే గుడ్డి బల్బు తగిలించాడు. ఫ్రిజ్‌లో ఉండే చిన్న బల్బు కూడా విప్పేశాడు.

"ఫ్రిజ్‌లో దీపం ఎందుకే? లోపల ఎవరైనా చదువుకుంటున్నారా?" అని తన జోకుకు తనే నవ్వాడు.

"నేను సూదిలోకి దారం ఎక్కించుకోవద్దా?" అంది ఆవిడ.

"సూదికి కన్నుంది, నీకూ కళ్ళున్నాయి. మధ్యలో అరవై వాట్లు దేనికి?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేసినావిడ. నోరు ఎప్పుడు వాడాలో, ఎప్పుడు దాచుకోవాలో తెలుసు. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, పొద్దు ఉన్నంతసేపూ కుట్టుకునేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో పాత మీటరు తీసేసి కొత్త మీటరు బిగించారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా యూనిట్ చవక, పగలు ఖరీదు. ఆ కాగితం చదివిన రోజు మీటరాయన అన్నం కూడా సరిగా తినలేదు. కంచం పక్కనే కాగితం పెట్టుకుని లెక్కలు. మర్నాడు తీర్పు చెప్పాడు. రాత్రి పడుకోబోయే ముందు ఫ్రిజ్‌లో చలి పెంచే మర ఆఖరి అంకె దాకా తిప్పుతాడు. పొద్దున ఆరింటికి మీటరు చూసి వస్తూ ఫ్రిజ్ కట్టేస్తాడు. పగలంతా తలుపు తెరవడం రెండుసార్లకు మించకూడదు.

"చలిని రాత్రి చవగ్గా కొనుక్కుని పగలు వాడుకుంటాం. అర్థమైందా? గిడ్డంగి లాంటిదన్నమాట," అన్నాడు. ఈ తెలివి పేటలో ఎవడికీ రాలేదని వీధి అరుగు మీద కూడా చెప్పుకున్నాడు.

ఆవిడకు పన్నెండేళ్ళుగా షుగరు. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ పొడుచుకుంటుంది. క్లినిక్ వాళ్ళు కొన్ని నెలలకు సరిపడా సీసాలు ఒకేసారి ఇస్తారు. అవి ఫ్రిజ్ తలుపు అరలో ఉండేవి. కొత్త పద్ధతి మొదలైన రోజునే మీటరాయన ఆ డబ్బా అక్కడి నుంచి తీసి, పై అరలో బాగా లోపలికి, వెనక గోడకు ఆనించి పెట్టాడు.

"పగలు చల్లదనం అక్కడే ఎక్కువ నిలుస్తుంది. నీ మందు కోసమే," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ మాట ఆవిడ తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకుంది, కరుణతో మాత్రం కాదు.

పొద్దున చూస్తే వెనక పెట్టిన దోసకాయ రాయిలా ఉండేది, సాయంత్రానికి పేస్టులా కారేది. పాలు మూడోసారి కాచేసరికి విరిగేవి. "కుళ్ళిన కూరలు కొంటావు, పాలు సరిగా కాచవు" అని అందుకూ ఆవిడకే అక్షింతలు. మందు సీసా అరచేతిలో మంచుముక్కలా తగిలేది. చల్లగా ఉంటే మంచిదేగా అనుకుని, రెండు అరచేతుల మధ్య దొర్లించి, కిటికీ దగ్గర కళ్ళు చికిలించి సిరంజిలోకి లాక్కునేది. కరెంటు వాడకం సగానికి పడిపోయింది. మీటరాయన ఆ నెల బిల్లును అరుగు మీద నలుగురికీ చూపించాడు.

రెండో నెలకల్లా ఆవిడకు సూది కన్ను కనపడడం మానేసింది. మొదట గుడ్డి బల్బును తిట్టుకుంది. కూతురు ఆదివారం వచ్చినప్పుడు సంగతి చెప్పింది. కూతురు చెప్పుల దుకాణంలో లెక్కలు చూస్తుంది, కానీ నోరు మాత్రం తండ్రిదే. "ఏంటి నాన్నా, అమ్మని గుడ్డిదాన్ని చేస్తావా?" అని అరిచి, టేబుల్ లైటు కొనుక్కొచ్చి కుర్చీ పక్కన పెట్టింది. తండ్రీకూతుళ్ళు గంటసేపు పోట్లాడుకున్నారు. చివరికి లైటు నిలిచింది. ఆవిడ ఎంతో ఆశగా దాని కింద కూర్చుని సూది పట్టుకుంది. పొగలోంచి చూస్తున్నట్టే ఉంది. అప్పుడు తెలిసింది, తప్పు బల్బుది కాదని. ఆ మాట మొగుడితో అంటే "చెప్పానా" అంటాడని భయపడి, నోరు మూసుకుని తడుముకుంటూ కుట్టింది.

పది రోజులకు మేస్త్రి కోటు వెనక్కి పంపలేదు, స్వయంగా తెచ్చాడు. గుమ్మంలోనే నిలబడి కోటు ముందుభాగం విప్పి పట్టుకున్నాడు.

"అమ్మా, నలభై ఏళ్ళ పరిచయం. కోపం తెచ్చుకోకు. ఈ కాజా తాగినవాడు కుట్టినట్టుంది."

ఆవిడ వేలితో తడిమింది. కుట్లు ఒకచోట ముద్దకట్టి, ఒకచోట బోసిగా ఉన్నాయి. కోటు తీసుకుని లోపలికి వెళ్ళి, కుట్లన్నీ ఊడదీసి, మళ్ళీ కుట్టలేక, అలాగే తిరిగిచ్చేసింది. చేతిలో పని ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఈ ఇంట్లో ఎవరి దయ మీదా లేదు. ఇప్పుడు అదే పోయేట్టుంది. మేస్త్రి వెళ్ళాక చాలాసేపు గుమ్మంలోనే కూర్చుంది.

క్లినిక్‌కు వెళ్తే షుగరు నాలుగొందలు దాటింది. డాక్టరు మందు పెంచాడు. మళ్ళీ నెలకు నాలుగొందల ముప్పై. డాక్టరు ఇంకా పెంచి, కళ్ళద్దాల మీంచి చూస్తూ, "నోరు కట్టుకోకపోతే నేనేం చెయ్యలేనమ్మా," అన్నాడు.

పక్కనే మీటరాయన ఉన్నాడు. ఇంకేం, ఇంటికొచ్చే దాకా దారి పొడవునా అదే పాట.

"దొంగతిండి తింటున్నావు కదే. మొహం చూస్తేనే తెలుస్తోంది."

"మీ మీద ఒట్టు, నేనేం తినలేదు."

"నా మీద ఎందుకు ఒట్టు? నన్ను కూడా చంపుతావా?"

అతను మీటర్లు చదివిన మనిషి. అంకె ఎక్కువొచ్చిందంటే ఎవరో దొంగతనంగా వాడారనే అతని లెక్క. కరెంటుకైనా అంతే, షుగరుకైనా అంతే. మీటరు తప్పు చూపించదు, ఇంట్లో వాళ్ళే అబద్ధం చెబుతారు. ముప్పై రెండేళ్ళ అనుభవం అంతా తీసుకొచ్చి పెళ్ళాం మీద రుద్దాడు. చక్కెర డబ్బాకు తాళం వేశాడు. ఆవిడ సూదులపెట్టె తెరిచి చూశాడు. తలగడ కింద చెయ్యి పెట్టి చూశాడు. వీధి చివర బిస్కెట్ల కొట్టువాడికి "మా ఆవిడకేం అమ్మకు" అని చెప్పొచ్చాడు. కొట్టువాడు ఆ మాట నలుగురికి చెప్పాడు. అరవై ఏళ్ళ మనిషి, ఒకరి ఇంట్లో గ్లాసు మంచినీళ్ళు కూడా అడిగి తాగని మనిషి, వీధిలో బిస్కెట్ల దొంగైపోయింది.

కూతురు కూడా నమ్మింది. అదే ఆవిడకు గోరుచుట్టు మీద రోకటిపోటైంది. "పోనీ అమ్మా, తినాలనిపిస్తే నాకు చెప్పు, కొంచెం తెచ్చిపెడతాను. దొంగచాటుగా ఎందుకు?" అని మెల్లగా, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. అంతకన్నా తిట్టినా బాగుండేది. ఆవిడ ఆ పూట అన్నం మానేసింది. మీటరాయన దాన్నీ అనుమానించి, "కడుపు నిండి ఉంటే ఆకలెలా వేస్తుంది?" అన్నాడు.

తర్వాతి నెల ఆవిడ క్లినిక్‌కు ఒక్కతే వెళ్ళింది. మొగుణ్ణి రావద్దంది. ఎడమ కంట్లో అప్పటికి వారం రోజులుగా నల్లని నూలు పోగులు తేలుతున్నాయి. డాక్టరు గదిలోకి వెళ్ళేముందు రక్తం తీసే నర్సమ్మ అంకె చూసి కళ్ళు పెద్దవి చేసింది. ఆవిడ తనే ముందు మాట్లాడింది.

"నేనేం తినడం లేదమ్మా. మీరూ నమ్మకపోతే నమ్మకండి. సగం కడుపుతో ఉంటున్నాను."

నర్సమ్మ ఆవిడ చేతి వైపు చూసింది. ఎముక మీద తోలు వేలాడుతోంది. తిని బలిసిన చెయ్యి కాదది.

"మందు సీసా తెచ్చారా?"

సంచిలోంచి తీసిచ్చింది. నర్సమ్మ దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"అమ్మా, ఈ మందు కదిపితే పాలలా కలిసిపోవాలి. ఇది చూడండి, విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా ఉంది."

"నాకు కనపడదమ్మా."

"ఇది గడ్డకట్టి కరిగిన మందు. ఇలా అయ్యాక పనిచెయ్యదు. మీరు ఇన్నాళ్ళూ నీళ్ళు పొడుచుకున్నట్టే. ఎక్కడ పెడుతున్నారు దీన్ని?"

ఆవిడ చెప్పింది. రాత్రి మర, పొద్దున స్విచ్చు, పై అర, వెనక గోడ. చెబుతూ చెబుతూనే ఆవిడకు మొత్తం అర్థమైంది. నర్సమ్మ ఇంకేదో అంటున్నా వినిపించుకోకుండా, కొత్త సీసా చన్నీళ్ళ గుడ్డలో చుట్టుకుని లేచింది.

ఇంటికి వచ్చేసరికి మీటరాయన మంచం మీద కూర్చుని పాత బిల్లులు వరసలో పేరుస్తున్నాడు. ఆవిడ చెప్పులు కూడా విప్పలేదు. ఫ్రిజ్ తెరిచి, వెనక్కి చెయ్యి పెట్టింది. పగలు రెండు దాటినా ఆ మూల ఇంకా మంచు పెచ్చులు కరగలేదు. డబ్బాలోంచి మందు అట్టపెట్టె తీసి అతని ఒళ్ళో పడేసింది.

"చదవండి."

"ఏంటే ఇది?"

"చదవండి. మీ ఉద్యోగమే చదవడం కదా. నాకు కళ్ళు లేవు."

అట్ట మీద సన్న అక్షరాలు. మీటరాయన అద్దాలు సవరించుకుని మొదలుపెట్టాడు. "రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య నిలువ ఉంచవలెను." ఆగాడు.

"కింది ముక్క."

"గడ్డకట్టనివ్వరాదు."

"ఇంకోసారి."

"విన్నావుగా."

"ఇంకోసారి చదవండి!"

చదివాడు. ఊరందరి మీటర్లూ సున్నా తప్పు లేకుండా చదివానని చెప్పుకునే మనిషి, ఐదు నెలలు రోజూ తన చేతికి తగిలిన అట్టపెట్టె మీది ఒక్క వాక్యం చదవలేదు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. కాసేపటికి, అలవాటు ఊరుకోదు కదా, "నీకోసమే కదే వెనక పెట్టాను, చల్లగా ఉంటుందని... కరెంటు కూడా సగానికి సగం..." అన్నాడు.

ఆ క్షణంలో ఆవిడకు మొగుడంటే అసహ్యం వేసింది. దాచిపెట్టి చెప్పాల్సిన పని లేదు. కోపం వస్తే అరిచి తగ్గించుకోవచ్చు, ఏడుపొస్తే ఏడ్చి తగ్గించుకోవచ్చు. ఇది తగ్గేది కాదు.

"చక్కెర డబ్బా తాళంచెవి ఇలా ఇవ్వండి," అంది. అతను మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు. ఆవిడ డబ్బా తాళం తీసి, ఆ తాళాన్ని బిల్లుల మీద పెట్టింది. చక్కెర మాత్రం ముట్టుకోలేదు.

కళ్ళాసుపత్రికి కూతురు తీసుకెళ్ళింది. దారంతా తల్లి చెయ్యి వదలకుండా పట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఊరుకోబెట్టలేదు. కంటి డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. పన్నెండేళ్ళ షుగరుకు కంటి వెనక నరాలు అప్పటికే కొంత బలహీనమై ఉన్నాయి. ఈ ఐదు నెలలూ వాటిని ఇంకా దెబ్బతీశాయి. ఎడమ కంట్లో రక్తనాళం చిట్లి, లోపలి పొర ఊడింది. ఆ కన్ను ఇక రాదు. కుడి కన్ను లేజరు పెట్టి కాపాడుకోవచ్చు, మందు సరిగా పనిచేస్తే.

మందు ఇప్పుడు సరిగానే పనిచేస్తోంది. కూతురు ఫ్రిజ్ మర మూడో అంకె దగ్గర పెట్టి, కదలకుండా టేపు చుట్టింది. మందు మళ్ళీ తలుపు అరలోకి వచ్చింది. ఫ్రిజ్ రాత్రీ పగలూ గురగురలాడుతూనే ఉంది. మీటరాయన క్యాలెండరు వెనక రాయడం మానేశాడు. పొద్దున ఆరింటికి లేస్తాడు, గుమ్మం దాకా వెళ్తాడు, మీటరు వైపు చూడకుండా తిరిగొస్తాడు. వీధి అరుగు మీద కూర్చోవడం కూడా మానేశాడు, ఎందుకంటే నర్సమ్మ ఉండేది పక్క వీధిలోనే. బిస్కెట్ల కొట్టువాడి దాకా సంగతి పాకడానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

ఆవిడ మేస్త్రికి కబురు పంపింది, ఇక కోట్లు పంపొద్దని. మేస్త్రి జవాబుగా ఒక పాత కోటు నుంచి కత్తిరించిన గుడ్డముక్క పంపాడు. దాని మీద ఆవిడ పాతికేళ్ళ కిందట కుట్టిన కాజా ఉంది. ఆవిడ దాన్ని వేలితో తడిమి చూసి, సూదులపెట్టెలో అడుగున పెట్టింది. మొగుడు అడిగితే ఒక్క ముక్కలో సమాధానం చెప్పేది. అడగకపోతే అదీ లేదు.

మూడు వారాల తర్వాత, ఒక సాయంత్రం, మీటరాయన బజారు నుంచి అట్టపెట్టెతో వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి తయారయ్యాడన్నమాట. కిటికీ మూసి ఉంది, గదిలో చీకటి పడుతోంది. ఆవిడ కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది. అతను స్టూలు వేసుకుని, ఆయాసపడుతూ ఎక్కి, గుడ్డి బల్బు విప్పి, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద బల్బు బిగించాడు. దిగి వెళ్ళి స్విచ్చు వేశాడు. ముప్పై తొమ్మిదేళ్ళలో అతను ఆవిడకోసం ఒక దీపం వెయ్యడం అదే మొదటిసారి.

"ఇదిగో, చూడు. ఇక రాత్రీ పగలూ వెలగనీ. నేనేం అనను. ఇప్పుడు బాగా కనిపిస్తోంది కదూ?" అన్నాడు. గొంతులో బతిమాలుకోవడం ఉంది.

ఆవిడ అతని వైపు మొహం తిప్పింది. అరచెయ్యి ఎత్తి, కుడి కంటిని మూసుకుంది. ఎడమ కంటితో తిన్నగా బల్బు ఉన్న వైపే చూస్తూ కూర్చుంది.

"వేశారా?" అని అడిగింది.

"వేశానే... నీ నెత్తి మీదే..."

"అయితే ఆర్పేయండి," అంది ఆవిడ. "యూనిట్లు దండగ."